పదిహేడున్నరేళ్ల సంతకం

జవానుగా భారత సైన్యంలో చేరడానికి కనీస వయసు పదిహేడున్నర సంవత్సరాలు కావడం వల్ల, సంగారెడ్డి జిల్లా న్యాల్‌కల్ మండలంలో ఇంటర్మీడియట్ చదివే యువకుడు ఓటు హక్కు రావడానికి ఆరు నెలల ముందే ఆ దరఖాస్తు నింపడానికి అర్హుడవుతాడు. పద్దెనిమిది నిండనివారి నియామక పత్రంపై తల్లిదండ్రులో సంరక్షకులో సంతకం చేయాలన్న నిబంధన ఉన్నందువల్ల ఆ నిర్ణయం నియమాల ప్రకారమే ఇంటిల్లిపాదిదీ అవుతుంది. 2022 జూన్ 14 వరకు ఆ సంతకం దేనికి పెడుతున్నదీ ఇంటి పెద్దలకు స్పష్టంగా తెలిసేది: పదిహేనేళ్లకు తగ్గని సర్వీసు, ఆ తరువాత జీవితాంతం పింఛను, చవక ధరల సైనిక క్యాంటీను, మాజీ సైనికుడనే గుర్తింపు, ఆ గుర్తింపుతో మరో సర్కారు కొలువులో రిజర్వేషను. ఆ రోజు కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన అగ్నిపథ్ పథకం, అధికారి స్థాయికి దిగువన ఉండే నియామకాలను నాలుగేళ్ల గడువుకు కుదించి, గడువు ముగిశాక నూటికి ఇరవై ఐదుగురికి మించకుండా శాశ్వత సర్వీసులోకి తీసుకుంటామని చెప్పింది. పథకం మారినా ఊళ్లలో ఆలోచన మారలేదు. ‘పోరనికి మిలిట్రీల నౌకరి అయింది’ అన్నప్పుడు ఇప్పటికీ పెద్దల మనసులో మెదిలేది పాత నౌకరీయే. నాలుగేళ్ల ఒప్పందాన్ని జీవితకాలపు కొలువుగా లెక్కవేసి తీసుకునే నిర్ణయం ఎక్కడ తప్పుతుందో, ఏ లెక్కతో తీసుకుంటే నిలబడుతుందో పరిశీలించడానికి ఈ సరిహద్దు మండలం తగిన చోటు.

రెండు రాష్ట్రాల అంచున

న్యాల్‌కల్ తెలంగాణకు పడమటి కొసన, కర్ణాటకలోని బీదర్‌ను ఆనుకొని ఉంది. హైదరాబాద్ రాజ్య కాలంలో ఇది బీదర్ తాలూకాలోని ఒక సర్కిల్‌గా ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం 1956లో తాలూకాలను, సర్కిళ్లను పేరుపేరునా పంచినప్పుడు జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలతో పాటు న్యాల్‌కల్ సర్కిల్‌ను కూడా ప్రత్యేకంగా పేర్కొని ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ సంతలో వినిపించే ఈ ప్రాంతంలో నల్లరేగడి భూముల మీద పత్తి, సోయా, కంది, జొన్న, నీటి వసతి ఉన్నచోట చెరకు పండుతాయి. వాన మీద ఆధారపడ్డ రెండు మూడెకరాల రైతు ఇంట్లో ఇద్దరు కొడుకులుంటే వారిలో ఒకరైనా నెలజీతం తెచ్చుకోవాలన్నది మాట్లాడుకోనవసరం లేకుండానే తేలిపోయే సంగతి.

ఈ మండలపు ఆకాశంలో మాత్రం సైన్యం రోజూ కనిపిస్తుంది. బీదర్ వైమానిక స్థావరం యుద్ధవిమాన చోదకులకు శిక్షణ ఇచ్చే కేంద్రం. 2008 నుంచి ఇక్కడ హాక్ రకం శిక్షణ జెట్ విమానాలు ఎగురుతున్నాయి. తొమ్మిది విమానాలు ఒకే వరుసలో విన్యాసాలు చేసే సూర్యకిరణ్ బృందం 1996లో ఏర్పడిందీ, ఇప్పటికీ స్థావరంగా చేసుకున్నదీ ఈ బీదర్‌లోనే. కంది చేలో కలుపు తీసే కూలీ తలెత్తి చూసేంత దగ్గరలో ఆ విమానాలు తిరుగుతున్నా, వాటిని నడిపే కుర్చీకి ఇక్కడి జూనియర్ కాలేజీ నుంచి వెళ్లే దారి చాలా దూరం. పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో ఉన్న నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీయే) ద్వారా చోదకుడు కావాలంటే ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి. పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల లోపు, ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉండే ప్రశ్నపత్రంతో యూపీఎస్సీ పరీక్ష నెగ్గాలి. ఆపై ఐదు రోజుల పాటు అభ్యర్థి మాట తీరు, చొరవ, బృందంలో నడుచుకునే పద్ధతి గమనించే సర్వీస్ సెలక్షన్ బోర్డు ముందు నిలవాలి. పదో తరగతి తరువాత గణితం, భౌతికశాస్త్రం లేని సీఈసీ గ్రూపు తీసుకున్న నాడే, తనకు తెలియకుండా, ఆ కుర్రవాడు ఈ దారి మూసేసుకొని ఉంటాడు. సైన్యంలో చేరాలా వద్దా అన్న చర్చ మన ఊళ్లలో దాదాపుగా జవాను ఉద్యోగం గురించే సాగడానికి కారణం యువకుల ఆశ చిన్నది కావడం కాదు, పెద్ద ద్వారం ఎక్కడుందో చెప్పేవారు సకాలంలో దొరకకపోవడం.

తెలుగు నేలలో ఇంటికొకరిని సైన్యానికి పంపే ఊరు లేకపోలేదు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ సైనికులను పంపి ‘మిలటరీ మాధవరం’గానే పేరుపడింది, అక్కడ తాతకు, తండ్రికి, మేనమామకు ఉన్న అనుభవమే కుర్రవాడికి పాఠ్యపుస్తకం. న్యాల్‌కల్ ప్రాంతానికి అలాంటి వారసత్వం లేకపోవడానికి చారిత్రక కారణం ఉంది. నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల అజమాయిషీలో పెరిగిన హైదరాబాద్ కంటింజెంట్ దళాల నుంచి పుట్టిన రెజిమెంటు చాలాకాలం హైదరాబాద్ పేరే మోసినా, ‘యుద్ధ జాతులు’ కొన్నే ఉంటాయన్న పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ సిద్ధాంతం దక్షిణాది నియామకాలను క్రమంగా కుదించి ఉత్తరాది కొండప్రాంతాల వైపు మళ్లించడంతో, 1945లో ఆ రెజిమెంటు పేరు కూడా కుమావూఁ రెజిమెంటుగా మారిపోయింది. దక్కను పేరుతో ఉన్న పటాలంలో దక్కను పిల్లలకు చోటు లేకుండా పోవడం వల్ల, ఇక్కడి ఊళ్లలో సైనిక జీవితం గురించి సొంత అనుభవంతో చెప్పగల ముసలివాళ్లు అరుదయ్యారు. ఆ ఖాళీని ఇవాళ సెల్‌ఫోన్‌లోని రీళ్లు, పట్నంలోని కోచింగ్ కేంద్రాల ఫ్లెక్సీలు నింపుతున్నాయి.

సైన్యం ఇక్కడికి వచ్చిన జ్ఞాపకం మాత్రం ఉంది. 1948 సెప్టెంబరు 13న మొదలైన హైదరాబాద్ సైనిక చర్యలో ప్రధాన దళం షోలాపూర్ నుంచి హుమ్నాబాద్, జహీరాబాద్‌ల మీదుగా రాజధాని వైపు సాగింది. జహీరాబాద్ దిశగా కదిలిన దళాన్ని దారిలో పాతిపెట్టిన మందుపాతరలు ఆలస్యం చేశాయి. బీదర్ రోడ్డు పెద్దరోడ్డులో కలిసే కూడలి దగ్గర పొంచి ఉన్నవారి కాల్పులు ఎదురయ్యాయి. 17న తెల్లవారుజామున సైన్యం బీదర్‌లో ప్రవేశించింది. రజాకార్ల దాడులు అనుభవించిన ఇళ్లకు అది విడుదల. ఆ తరువాతి వారాల్లో జరిగిన హింసను విచారించి, దశాబ్దాల పాటు ప్రచురణకు నోచుకోని పండిత సుందర్‌లాల్ కమిటీ నివేదిక మాత్రం ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్‌లతో పాటు బీదర్ జిల్లాను అత్యధికంగా నష్టపోయిన వాటిలో చేర్చి, మొత్తం మృతులు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసి, కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీల్లో పాలుపంచుకున్నారని రాసింది. నాటి బీదర్ జిల్లాలోనిదే న్యాల్‌కల్. ఒకే మండలంలో కొడుకు యూనిఫాం వేసుకుంటానంటే ఒక ఇంటి పెద్ద ఛాతీ విరుచుకొని నడవడం, మరో ఇంటి పెద్ద మౌనం వహించడం జరిగితే, ఆ రెండో ఇంటికి దేశభక్తి తక్కువని తీర్మానించడం చరిత్ర తెలియని తొందరపాటు. ఆయుధం చేతబట్టే వృత్తి మనస్సాక్షికి కూడా సంబంధించిన ప్రశ్న అని, పైవారి ఆజ్ఞ, సాటి మనిషి ప్రాణం ఎదురెదురైనప్పుడు ఎటు నిలవాలో ముందే ఆలోచించుకోవాలని ఏ కోచింగ్ కేంద్రమూ చెప్పదు.

గ్రౌండ్, బీమ్, మెడికల్

నియామకం జరిగే తీరు 2023 నుంచి మారింది. అంతకుముందు మైదానంలో దేహదారుఢ్య పరీక్షలు ముందు పెట్టి, నెగ్గినవారికి రాతపరీక్ష నిర్వహించేవారు. ఇప్పుడు ముందుగా కంప్యూటర్ మీద రాసే ఉమ్మడి ప్రవేశ పరీక్ష, అందులో అర్హులైనవారికే ర్యాలీ, అంటే పరుగు, ఎత్తు, ఛాతీ కొలతలు, ఆపై వైద్య పరీక్ష. ఈ ప్రవేశ పరీక్షను 2025 నుంచి పదమూడు భాషల్లో రాసే వీలు కల్పించారు. న్యాల్‌కల్ సంతలో వినిపించే నాలుగు భాషలూ ఆ జాబితాలో ఉన్నాయి. తెలుగు మీడియం పిల్లలకు ఇది నిజమైన మేలు. జనరల్ డ్యూటీ, అంటే సాధారణ సైనిక విధుల పోస్టుకు పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం మార్కులు ఉండాలి. తెలుగు రాష్ట్రాల అభ్యర్థి ఎత్తు 166 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఛాతీ 77 సెంటీమీటర్లు ఉండి, గాలి పీలిస్తే మరో 5 సెంటీమీటర్లు విరియాలి.

పరుగు 1,600 మీటర్లు. ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి 60 మార్కులు, కడ్డీ పట్టుకొని గడ్డం పైకి వచ్చేలా పదిసార్లు లేస్తే మరో 40. యువకులు మొదటిదాన్ని ‘గ్రౌండ్’ అనీ, రెండోదాన్ని ‘బీమ్’ అనీ అంటారు. నల్లరేగడి నేల వానాకాలంలో బూటుకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది, ఎండాకాలంలో కాలు ఇరుక్కునేంతగా నెర్రెలు విచ్చుతుంది. అందువల్ల ఇలాంటి చోట సాధన అంతా తెల్లవారకముందు తారురోడ్డు అంచున, చెరకు ట్రాక్టర్ల వెలుగులో సాగాల్సి వస్తుంది. గట్టి తారు మీద అరిగిన బూట్లతో నెలల తరబడి పరుగెత్తడం వల్ల మోకాలి కింది ఎముక ముందుభాగంలో నొప్పి పట్టడం మామూలు, నొప్పిని లెక్కచేయకుండా ఇంకా పరుగెత్తడం అంతకన్నా మామూలు. పోలీసు కానిస్టేబుల్ కోసం తెలంగాణ నియామక మండలి 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు పెట్టిందీ ఇదే 1,600 మీటర్లు, గడువు మాత్రం ఏడుంబావు నిమిషాలు. ఒకే రోడ్డు మీద ఒకే వేళకు పరుగెత్తే పదిమందిలో ఎవరు సైన్యానికో ఎవరు పోలీసుకో చూసి చెప్పలేం. చాలామందికి తమకే తెలియదు, ఏ నోటిఫికేషన్ ముందొస్తే దానికి కట్టేస్తారు.

వైద్య పరీక్ష దగ్గర కలలు చప్పుడు లేకుండా ముగుస్తాయి. చదునుపాదం, నిలబడితే మోకాళ్లు రెండూ తాకడం, రంగులు పోల్చుకోలేకపోవడం, చెవిపొరకు చిల్లు, నిబంధనలు ఒప్పుకోని చోట వేయించుకున్న పచ్చబొట్టు — వీటిలో ఏ ఒక్కటైనా రెండేళ్ల సాధనను వృథా చేయగలదు. జిల్లా ఆసుపత్రి వైద్యుడు ముందే చూసి వీటిలో చాలావాటిని చెప్పగలడు. రెండేళ్లు పరుగెత్తాక తెలుసుకునేకన్నా పరుగు మొదలుపెట్టకముందే తెలుసుకోవడం మేలన్న ఈ మామూలు సంగతిని, ముందుగా చెప్పడానికి ఫీజు కట్టించుకున్న కోచింగ్ కేంద్రానికి కారణమేమీ లేదు. నియామకానికి దళారీ అవసరం ఏ దశలోనూ ఉండదు. డబ్బిస్తే ఉద్యోగం ఇప్పిస్తామనేవారికి పొలం తాకట్టుపెట్టి ఇవ్వడం మోసపోవడమే.

నాలుగేళ్ల లెక్క

అగ్నివీర్, అంటే ఈ పథకం కింద చేరిన సైనికుడి నెలజీతం మొదటి ఏడు 30 వేలు, రెండో ఏడు 33 వేలు, మూడో ఏడు 36,500, నాలుగో ఏడు 40 వేల రూపాయలు. ఇందులో 30 శాతాన్ని ‘సేవానిధి’ పేరుతో పక్కనపెట్టి, అంతే మొత్తం ప్రభుత్వమూ జమచేస్తుంది. చేతికొచ్చేది మొదటి ఏడు నెలకు 21 వేలు, చివరి ఏడు 28 వేలు. కఠిన ప్రాంతాల్లో పనిచేసేవారికి వర్తించే భత్యాలు దీనికి అదనం. నాలుగేళ్లలో సైనికుడి వాటా 5 లక్షల 2 వేలు, ప్రభుత్వ వాటా అంతే, వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు, ఆదాయపు పన్ను లేకుండా, వెళ్లిపోయేనాడు అందుతాయి. తిండి, బట్ట, వసతి సైన్యానివే కాబట్టి, పొదుపరి కుర్రవాడు చేతికొచ్చిన జీతంలో పెద్దభాగం ఇంటికి పంపగలడు. నాలుగేళ్లలో చేతికొచ్చే జీతం మొత్తం కూడా యాదృచ్ఛికంగా సేవానిధి అంతే, అంటే పదకొండు లక్షల డెబ్బై వేల చిల్లర. ఇరవై రెండేళ్ల వయసులో ఇరవై మూడు లక్షలకు పైగా సంపాదించిన యువకుడు న్యాల్‌కల్‌లో మరో పనిలో దొరకడం కష్టమన్నది నిజం. ఆ సొమ్ముతో తన ఊళ్లో ఎంత పొలం వస్తుందో ప్రతి ఇల్లూ వేలి లెక్కన చెప్పగలదన్నదీ నిజమే.

రానివాటి జాబితా అంతకన్నా జాగ్రత్తగా చదవాలి. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, వెళ్లాక క్యాంటీను, సైనిక వైద్య పథకం వర్తించవు. ఏడాదికి సెలవు 30 రోజులు. శాశ్వత సైనికుడికి వార్షిక, క్యాజువల్ సెలవులు కలిపి 90. చేరే నాటికి అవివాహితుడై ఉండాలి. అసాధారణ కారణాలుంటే తప్ప, సొంత కోరిక మీద మధ్యలో మానేయడం కుదరదు. శాశ్వత సర్వీసుకు ఎంపికైన నాలుగోవంతు మంది మరో పదిహేనేళ్లకు తగ్గకుండా పనిచేస్తారు; వారికి సేవానిధిలో తమ వాటా, దాని వడ్డీ మాత్రమే అందుతాయి. మిగిలినవారికి కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో, అస్సాం రైఫిల్స్‌లో పది శాతం ఖాళీలు కేటాయిస్తామని 2022లోనే ప్రకటించారు. హర్యానా, ఉత్తరప్రదేశ్, ఒడిశా వంటి రాష్ట్రాలు తమ పోలీసు నియామకాల్లో కోటాలు ప్రకటించాయి. ఈ కోటాలు ఎంతమందికి అన్నం పెడతాయో చూపించేది తొలి బృందం అనుభవమే; 2023 జనవరిలో సైనిక శిక్షణ మొదలుపెట్టిన ఆ బృందపు నాలుగేళ్ల గడువు 2026 చివరికి, 2027 మొదటికి తీరుతుంది. అంతవరకు ప్రభుత్వం చెప్పే ఆశా, విమర్శకులు చెప్పే భయమూ రెండూ అంచనాలే.

పథకం ప్రకటించిన మూడో రోజున, 2022 జూన్ 17న, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో ఆందోళనకు దిగిన యువకుల గుంపు చేతిలో రైలు పెట్టెలు తగలబడటం, పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతపు యువకుడొకడు చనిపోవడం తెలంగాణ మరిచిపోలేదు. ఆ గుంపులోని చాలామంది కొత్త పథకాన్ని సిద్ధాంతరీత్యా వ్యతిరేకించినవారు కారు. 2021 ర్యాలీల్లో గ్రౌండు, మెడికల్ నెగ్గి, కరోనా వల్ల పలుమార్లు వాయిదాపడిన రాతపరీక్ష కోసం ఎదురుచూస్తూ ఉండగా, ఆ పాత నియామక ప్రక్రియే రద్దయిందని విన్నవారు. స్టేషను తగలబెట్టడం సమర్థనీయం కాదు. ప్రభుత్వ నోటిఫికేషన్‌ను నమ్మి రెండేళ్ల వయసును ధారపోసిన వాడికి జవాబు చెప్పవలసిన బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు. పథకం చెల్లుతుందని 2023 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దానిలో జోక్యం చేసుకోలేదు.

ఇంటి సంతకంలో ప్రాణం కూడా ఉంది గనుక ఆ లెక్క దాటవేయరానిది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో, 16 బిహార్ రెజిమెంటు కమాండింగ్ అధికారి, సూర్యాపేటకు చెందిన కల్నల్ బి. సంతోష్ బాబు మరణించారు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర లభించింది. 2025 మే 9న ఆపరేషన్ సిందూర్ సమయంలో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో మరణించిన మురళీనాయక్ శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్. దేశం రెండు శవపేటికలనూ ఒకే జెండాతో కప్పింది. నిబంధనల పుస్తకం మాత్రం రెండు ఇళ్లనూ ఒకేలా చూడదు. విధుల్లో మరణించిన అగ్నివీర్ కుటుంబానికి 48 లక్షల బీమా, 44 లక్షల పరిహారం, మిగిలిన కాలపు జీతం, సేవానిధి అందుతాయి. శాశ్వత సైనికుడి కుటుంబానికి దక్కే ఫ్యామిలీ పింఛను ఉండదు. మురళీనాయక్ కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, ఐదెకరాల భూమి, ఇంటి స్థలం, ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. మంచిదే గానీ, అది ఆనాటి ప్రభుత్వం చూపిన ఔదార్యం, హక్కుగా అడగగలిగేది కాదు. గాయపడి అంగవైకల్యం పొందినవారికి వైకల్యం తీవ్రతను బట్టి 44, 25, 15 లక్షలు ఒక్కసారి చెల్లించే పద్ధతి ఉంది. ఈ అంకెలు పట్టుకొని కొడుకు ప్రాణానికి వెల కట్టడం ఏ తల్లికీ ఇష్టం ఉండదు; అయినా సంతకం పెట్టకముందు చదవవలసిన పేజీ ఇదే, దీన్ని ఆమెకు తెలుగులో చదివి వినిపించేవారు ఉండాలి.

మిగిలిన దారులు

సైన్యానికి పోకపోతే ఏముంది అన్న ప్రశ్నకు న్యాల్‌కల్‌లో జవాబు కొద్దికొద్దిగా మారుతోంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి — నిమ్జ్ అనే పొట్టిపేరుతో అందరికీ తెలిసినది — కోసం సుమారు 12,600 ఎకరాలు ప్రతిపాదించి ఏళ్లు గడిచాయి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. ఝరాసంగం మండలం ఎల్గోయిలో రక్షణ పరికరాల కర్మాగారానికి 2022లో శంకుస్థాపన జరిగింది. తుపాకీ పట్టకుండానే రక్షణ రంగంలో బతికే వీలు ఊరి పొలిమేరకే రావచ్చునన్న మాట. కాని భూమి ఇచ్చిన రైతు కొడుక్కి అక్కడ యంత్రం దగ్గర ఉద్యోగం దొరుకుతుందా, గేటు దగ్గర కాపలా ఉద్యోగం దొరుకుతుందా అనేది అతడి చేతిలోని సర్టిఫికెట్‌ను బట్టి ఉంటుంది. నాలుగేళ్లు సైన్యంలో పనిచేసి తిరిగొచ్చిన యువకుడికి కూడా సరిగ్గా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. క్రమశిక్షణ కలవాడని సెక్యూరిటీ ఏజెన్సీలు వెంటనే పిలుస్తాయి, యంత్రం తెలిసినవాడని పిలిచేవారు కావాలంటే ముందుగానే ఏదో చేతిపని నేర్చి ఉండాలి.

అమ్మాయిల విషయంలో దారులు తెరుచుకున్నంత వేగంగా ఇళ్ల తలుపులు తెరుచుకోవడం లేదు. సుప్రీంకోర్టు 2021 ఆదేశంతో ఎన్డీయేలో చేరిన తొలి మహిళా బృందం 2025 మే నెలలో పదిహేడుమందితో బయటికొచ్చింది. నౌకాదళం తొలి అగ్నివీర్ బృందంలోనే అమ్మాయిలను తీసుకొని ఒడిశాలోని చిల్కాలో శిక్షణ ఇచ్చింది. సైన్యంలో మిలటరీ పోలీసు విభాగం అగ్నివీర్లుగా అమ్మాయిలను చేర్చుకుంటోంది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ భువనగిరి ప్రాంతంలో సైనిక నియామకాలకు తర్ఫీదునిచ్చే మహిళా డిగ్రీ కళాశాల నడుపుతోంది, కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో బాలురకు సైనిక పాఠశాల పెట్టింది. ఊళ్లో పెళ్లి మాటలు మొదలయ్యే వయసుకు అమ్మాయి చేతిలో ఈ సమాచారం ఉండటమే సగం పోరాటం.

మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేకపోవడం ఈ చర్చకంతటికీ మూలం. సింగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పౌరసత్వమో, తండ్రి ద్వారా శాశ్వత నివాసమో పొందిన మగపిల్లవాడు రెండేళ్లు సైనిక సేవ చేసి తీరాలి; అతడికి చేరాలా అనే ప్రశ్నే లేదు, ఎప్పుడు అన్నదే ఉంటుంది. న్యాల్‌కల్ పిల్లవాడికి రెండు ప్రశ్నలూ ఉన్నాయి, రెండోదాన్ని అతడు పట్టించుకోడు. దరఖాస్తు వయసు పదిహేడున్నరతో మొదలై కనీసం ఇరవై ఒకటి దాకా సాగుతుంది. ఈ మూడున్నరేళ్లలో నియామకాలు ఏటా వస్తాయి, ఒక్కసారికే తలుపు మూసుకుపోదు. మొదటి నోటిఫికేషన్‌కే ఇంటర్ మధ్యలో వదిలి పరుగుతీయడంలో ధైర్యం కనిపిస్తుంది గానీ లాభం కనిపించదు. సైన్యం 2023 నుంచి ఐటీఐ, పాలిటెక్నిక్ చదివినవారిని టెక్నికల్ విభాగానికి అర్హులుగా చేర్చి వారికి అదనపు మార్కులు ఇస్తోంది. ఎన్‌సీసీ సర్టిఫికెట్‌కు కూడా అదనపు మార్కులుంటాయి. కాబట్టి పదిహేడున్నరకు పరుగు, ఐటీఐ రెండూ మొదలుపెట్టి పందొమ్మిదికో ఇరవైకో చేరినవాడు, ఎంపిక అవకాశాన్ని పెంచుకోవడమే గాక, నాలుగేళ్ల తరువాత తిరిగి రావలసి వస్తే ఫిట్టరుగానో ఎలక్ట్రీషియనుగానో తిరిగివస్తాడు. అప్పటికి అతడికి ఓటుతో పాటు సంతకం హక్కూ వచ్చి ఉంటుంది, పత్రం మీద తండ్రి వేలిముద్ర అవసరం ఉండదు.

దీనికి అభ్యంతరం లేకపోలేదు. మూడెకరాల మీద అప్పు ఉన్న ఇంట్లో రెండేళ్ల ఆలస్యం అంటే రెండేళ్ల వడ్డీ. పదో తరగతితో చేరి సైన్యంలో ఉండగానే జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా ఇంటర్ సర్టిఫికెట్, ఇగ్నో ద్వారా సైనిక శిక్షణకు సగం క్రెడిట్లు కలిసే డిగ్రీ పొందే ఏర్పాటును ప్రభుత్వం ప్రకటించే ఉంది. మంచు కొండల్లో డ్యూటీ చేసేవాడికి పుస్తకం తెరిచే తీరిక ఎంత ఉంటుందన్నది ఆ పోస్టింగే తేలుస్తుంది. అప్పు ఒత్తిడి మీద వెళ్లేవాడు కూడా ఐదో ఏట ఏం చేయదలచుకున్నాడో, సేవానిధిని అప్పుకు కడతాడా, బోరు వేయిస్తాడా, మళ్లీ చదువుకుంటాడా అన్నది వెళ్లకముందే ఇంట్లో తేల్చుకోవలసి ఉంది. లేకపోతే ఆ పదకొండు లక్షలు వచ్చిన ఏడాదిలోనే చెల్లెలి పెళ్లికో, కొత్త ట్రాక్టరు మొదటి కిస్తీకో కరిగిపోతాయి. ఈ సంభాషణ జరగవలసిన చోటు జూనియర్ కాలేజీ. మండల కేంద్రంలో ఏడాదికొకసారి సికింద్రాబాద్ నియామక కార్యాలయం నుంచి ఒక అధికారిని, సర్వీసు ముగించుకొని వచ్చిన ఇద్దరు ముగ్గురు జవానులను, ఒక వైద్యుణ్ణి పిలిపించి, పిల్లలతో పాటు తల్లులనూ కూర్చోబెట్టి నిబంధనలు చదివించడానికి పెద్ద బడ్జెట్ అక్కరలేదు. తొలి అగ్నివీర్లు గడువు ముగించుకొని ఊళ్లకు చేరే కొద్దీ పిలవదగినవారి కొరత కూడా తీరుతుంది.